మా అన్నయ్య చెప్పిన ఏడొందల గుర్రాలు

మా అన్నయ్య డెల్మర్‌ని అబద్ధాలకోరు అంటే ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు. ఒకరికి టోపీ పెట్టి ఎరగడు. దారిలో ఎవరి కంచె ఒరిగినా బండి ఆపి నిలబెట్టి గాని కదలడు. బతుకు మొత్తంలో అతను గట్టిగా పట్టుకుని కూర్చున్న అబద్ధం ఒకే ఒక్కటి. అది తీసుకొచ్చి నా మొగుడి షాపు మీద పడేశాడు.

ఆ అబద్ధం ఒక అంకె. ఏడొందలు. అరవై ఎనిమిదో సంవత్సరం నాటి తన షెవీ పికప్ ఇంజన్‌కి ఏడొందల గుర్రాల బలం, అంటే ఏడొందల హార్స్‌పవర్, ఉందని అతని మాట.

మా ఊరు హాలోవేలో మూతపడ్డ కిరాణా కొట్టు ముందు బళ్ళు నిలిపే పెద్ద లాట్ ఒకటుంది. ఎండాకాలం శనివారం సాయంత్రం అయ్యేసరికి పాత బళ్ళున్న మగాళ్ళంతా అక్కడ చేరి, బానెట్లు ఎత్తి, మడత కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. ప్రతి బండి ముందద్దానికీ ఒక అట్టముక్క. దాని మీద బండి ఏ ఏటిది, ఇంజన్ ఏది, ఎన్ని గుర్రాల బలం. ఆ చివరి అంకెకి రుజువు అడగకూడదు. అది అక్కడి మర్యాద. పెళ్ళాం ఎందుకు వదిలేసిందని మొహం మీదే అడుగుతారు గాని, ఆ అంకె నిజమేనా అని మాత్రం అడగరు. ఒకాయన నిరుడు రాసిన అంకెకి ఈ ఏడు ఇంకో యాభై కలిపి రాసినా, పక్కవాళ్ళు "బాగా పని చేయించావే" అని తలాడిస్తారు. పని చేయించింది అట్టకని నేననుకుంటాను.

నా భర్త రోలిన్ గేర్‌బాక్సులు కట్టేవాడు. మెయిన్ రోడ్డు మీద షాపు. ముందు కౌంటరు దగ్గర నేను, వెనక బల్ల దగ్గర అతను. కొత్త బళ్ళ గేర్‌బాక్సులు ఎవరూ విప్పి బాగుచేయించడం లేదు. పాడైతే మొత్తం పెట్టెనే మార్చి పారేస్తున్నారు. అందుకని మాకు మిగిలింది లాట్‌లో ఉన్న ఈ ముసలి బళ్ళే. వాటికో జబ్బుంది. ఇంజన్లు దున్నపోతుల్లా ఉంటాయి, గేర్లేమో మూడే. హైవే ఎక్కితే ఇంజన్ గావుకేకలు పెడుతుంది. పక్క సీట్లో ఉన్నవాళ్ళతో మాట్లాడాలంటే గొంతు చించుకోవాలి. ఏ ఊరికి పోవాలన్నా గంటల తరబడి తిన్నగా పోవాల్సిన మా కాన్సస్ రాష్ట్రంలో అది నరకం. దానికి మందు ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజన్ నెమ్మదిగా తిరుగుతూనే బండి వేగంగా పోయే ఆఖరి గేరు. అది ఉన్న గేర్‌బాక్స్ పెట్టించుకోవాలని లాట్‌లో అందరికీ ఆశ. ఏది పెట్టించాలన్నదాని మీద చలికాలమంతా వాదించుకున్నారు. మొదట డెల్మర్ పెట్టించాలి, జూలైలో అందరూ కలిసి కొలరాడో కొండలకి పోయేటప్పుడు అది ఎలా ఉందో చూడాలి, బాగుంటే మిగతావాళ్ళు రోలిన్ చేతనే కట్టించుకోవాలి. అలా తేల్చుకున్నారు.

అంటే మా షాపు ఉంటుందా పోతుందా అన్నది ఆ ఒక్క గేర్‌బాక్స్ మీద ఆధారపడి ఉంది. ఆ సంగతి రోలిన్‌కి తెలుసు, నాకు తెలుసు. డెల్మర్‌కీ తెలుసు.

అన్నయ్య మా షాపుకి ఒంటరిగా వచ్చి ఉంటే ఈ కథ లేదు. లైల్‌ని, క్లిఫర్డ్‌ని వెంటేసుకుని వచ్చాడు. ఇద్దరూ లాట్‌లో పెద్ద తలకాయలు. లైల్‌కి నోరు ఎక్కువ, క్లిఫర్డ్‌కి తక్కువ.

"రా బావా," అని రోలిన్ చేతులు తుడుచుకుని బల్ల మీదున్న రెండు పెట్టెలు చూపించాడు. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. రెండూ క్లచ్ తొక్కే పని లేకుండా వాటంతటవే గేరు మార్చుకునేవి.

"మూడోది లేదా?" అన్నాడు లైల్. "క్లచ్ ఉన్నది? మగాడన్నవాడు క్లచ్ తొక్కాలయ్యా."

"తొక్కుతాను. నీ ఎడమ మోకాలు ఊడదీసి ఇయ్యి," అన్నాడు అన్నయ్య. అతని మోకాలు పశువుల దొడ్డి గేటు కింద పడి నలిగి ఏళ్ళయింది. అందరూ నవ్వారు.

రోలిన్ నవ్వుతూనే పనిలోకి దిగాడు. "బావా, ఇదిగో ఈ చిన్నది తేలిక. బండి లోపలి నేల రేకు ముట్టుకోకుండా కూర్చుంటుంది. మొదటి గేరు మంచి పట్టున్నది, బండి చటుక్కున కదుల్తుంది. నాలుగొందల యాభై దాకా కళ్ళు మూసుకుని కడతా, ఐదొందలంటే భయపడుతూ కడతా. ఈ పెద్దది పని ట్రక్కుల కోసం పుట్టింది. ఏడొందలైనా దీన్నేం చెయ్యలేవు. కానీ బరువు. తనని తాను తిప్పుకోడానికే ఇంజన్ బలం కొంత మింగేస్తుంది. నేల రేకు పైకి కొట్టాలి. మధ్యస్తంగా ఇంకోటి లేదు. అందుకే అడుగుతున్నా. బండి బరువు, టైరు ఎత్తు నేను కొలుస్తా. ఇంజన్ బలం నువ్వు చెప్పాలి."

"అట్ట మీద రాసుంది కదయ్యా రోలిన్. చదువు రాదా?" అన్నాడు లైల్.

"అట్ట సంగతి అట్టదే. ఇది గేర్‌బాక్స్."

అన్నయ్య లైల్ వైపు చూశాడు, క్లిఫర్డ్ వైపు చూశాడు. "ఏడొందలు బావా," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే ఆ ఇంజన్ బలం కొలిపించిన రోజున పక్కన ఉన్నది నేనే. పశువుల దొడ్డిలో ఉద్యోగం పోయి, జెనెట్ వదిన విడాకులిచ్చి వెళ్ళిపోయిన ఏడాది, చలికాలమంతా అన్నయ్య గ్యారేజీలో ఒంటరిగా ఆ ఇంజన్ కట్టాడు. వసంతం రాగానే దూరపు ఊళ్ళో బండిని రోలర్ల మీద ఎక్కించి బలం కొలిచేచోటికి తీసుకెళ్ళాడు. తోడు రమ్మంటే వెళ్ళాను. తెర మీద నాలుగొందల ముప్పై చూపించింది. మంచి అంకే. కష్టపడి కట్టిన ఇంజన్‌కి సిగ్గుపడాల్సిన అంకె కాదు. కానీ తర్వాతి శనివారం అట్ట మీద ఏడొందలు అని ఉంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర రోలిన్‌కి ఇదంతా చెప్పాను. అతను ఆశ్చర్యపోలేదు. "చప్పుడులోనే తెలుస్తుంది నోరీన్. అయినా నువ్వు చెప్తే కుదరదు, వాడు చెప్పాలి," అన్నాడు.

మర్నాడు ఇద్దరం అన్నయ్య గ్యారేజీకి వెళ్ళాం. క్యాబేజీ, మాంసం కూరి కాల్చిన బన్నులు పట్టుకెళ్ళాను. అవంటే అన్నయ్యకి ప్రాణం. అతను తింటుంటే రోలిన్ స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు.

"బావా, ఇక్కడ మనం ముగ్గురమే. లాట్‌లో నువ్వు వెయ్యి అని చెప్పుకో, నేను చప్పట్లు కొడతా. నాకు మాత్రం నిజం చెప్పు. ఎంత?"

"చెప్పాగా. ఏడొందలు. తక్కువ చెప్పానేమో కూడా."

"అన్నయ్యా, రోలర్ల మీద..." అని నేను అందుకున్నాను.

"ఆ రోలర్లు తుప్పు పట్టినవి! దాని మీద ఏది ఎక్కించినా సగమే చూపిస్తుంది. నీకేం తెలుసని మధ్యలో దూరతావే?"

రోలిన్ గొంతు పెంచలేదు. "సరే, తుప్పువే అనుకుందాం. ఇంకోచోటికి పోయి ఇంకోసారి కొలిపిద్దాం. నేనూ వస్తా."

అన్నయ్య చేతిలో బన్ను కింద పెట్టేశాడు. "అంటే నన్ను నమ్మట్లేదన్నమాట. నా చెల్లెల్ని ఇచ్చినప్పుడు నిన్ను నేను కొలిపించానా బావా?"

ఇద్దరం లేచి వచ్చేశాం.

కారులో నేను ఊరుకోలేదు. "చిన్నది కట్టి పెట్టెయ్. నోరు మూసుకుని నడుపుకుంటాడు."

"బండి కింద దూరి చూసినవాడెవడికైనా తెలుస్తుంది చిన్నదని. ఎందుకు పెట్టావంటే ఏం చెప్పను? బావ అబద్ధం చెప్పాడనా? వాడి బండి. వాడు చెప్పిందానికే కడతా."

"తప్పని తెలిసీనా?"

రోలిన్ కారు షాపు వైపు తిప్పాడు.

పెద్ద గేర్‌బాక్సే తీసుకుని ఏడొందలకే కట్టాడు. పని మాత్రం వంక పెట్టడానికి లేదు. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య నూనెతో తిరిగే కన్వర్టర్ అని ఒకటుంటుంది. దాన్ని ఏడొందలకే చేశాడు. వెనక యాక్సిల్ గేర్లూ దానికి తగ్గట్టే మార్చాడు. అంత బలమున్న ఇంజన్ ఏ గేరునైనా లాక్కుపోతుందన్న లెక్క అది. నాలుగొందల ముప్పై ఉన్న బండికి అది పెద్దన్న బూట్లు తొడిగినట్టు అయింది. సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ వణికిపోయి చచ్చిపోతోంది. గేరు మారితే వీపు మీద గుద్దినట్టుంటోంది. "కొత్త కదా, సర్దుకుంటుంది," అన్నాడు అన్నయ్య.

జూలైలో బయల్దేరాం. లాట్‌లో బళ్ళన్నీ వరసగా, వాటి వెనక పనిముట్లతో మా కారు. పడమటికి పోయే దారి బల్లపరుపు. ఆ నేల మీద ఏ తప్పూ బయటపడలేదు. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు అన్నయ్య పరుగులాంటి నడకతో నా దగ్గరికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"నోరీన్! బండిలో పాట వినిపిస్తోందే! రేడియోలో పాట! పెట్టించిన ఇన్నేళ్ళకి మొదటిసారి విన్నాను!"

అంత సంతోషంగా అతన్ని చూసి ఎన్నాళ్ళయిందో. ఒక్క క్షణం నేనూ నమ్మాను, ఏమీ కాదులే అని. లైల్ వచ్చి రోలిన్ భుజం తట్టి, "చలికాలానికి నా బండి నీ దగ్గరే ఉంటుంది, చోటు చూసి పెట్టు," అన్నాడు. రోలిన్ కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనయింది.

కొండ ఎక్కడం మొదలయ్యాక అయిపోయింది. అన్నయ్య బండి ఆఖరి గేరులో లాగలేక కిందికి దిగుతోంది, కాస్త ఊపందుకుని మళ్ళీ పైకి మారుతోంది, మళ్ళీ లాగలేక దిగుతోంది. వెనకనుంచి మాకు ఆ చప్పుడు తెలుస్తూనే ఉంది. రోలిన్ స్టీరింగ్‌ని బిగించి పట్టుకున్నాడు. గేర్‌బాక్స్‌లోని ఎర్ర నూనె కాగి కాగి చివరికి బండి కిందనుంచి రోడ్డంతా చిమ్మింది. పొగ. మాడు వాసన. బళ్ళన్నీ పక్కకి ఆగాయి. మగాళ్ళంతా దిగి చుట్టూ మూగారు.

అన్నయ్య దిగాడు. అతని మొహం చూస్తే నాకు తెలిసిపోయింది, ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో అతనికి పూర్తిగా తెలుసు. ఒక్క వాక్యం చాలు. "నేను ఎక్కువ చెప్పాను బావా." అంతే. నేను దానికోసం ఎదురుచూస్తూ నిలబడ్డాను.

అతను రోలిన్ దగ్గరికొచ్చి, అందరికీ వినపడేలా, "పోనీలే బావా. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. నేనేం మనసులో పెట్టుకోను," అన్నాడు.

క్షమించాడు! నా మొగుణ్ణి, నడిరోడ్డు మీద, అంతమంది ముందు క్షమించాడు. నేను నోరు తెరిచాను. రోలిన్ నా మోచేయి పట్టుకుని నొక్కాడు. అంత గట్టిగా అతనెప్పుడూ నన్ను పట్టుకోలేదు.

బండిని ట్రెయిలర్ మీద ఇంటికి తెచ్చాం. రోలిన్ గేర్‌బాక్స్ విప్పి బల్ల మీద పరిచాడు. లైల్, క్లిఫర్డ్ వచ్చి చూశారు. లోపలి పలకలు బొగ్గులా మాడి ఉన్నాయి. మిగతాదంతా అద్దంలా ఉంది. చేతికి పని వచ్చిన ఎవడు చూసినా తప్పు కట్టినవాడిది కాదని అర్థమవుతుంది. క్లిఫర్డ్ చాలాసేపు చూసి, "ప్చ్," అని వెళ్ళిపోయాడు. లైల్ తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "నా బండి సంగతి ఆలోచించుకుని చెప్తాలే రోలిన్," అన్నాడు.

అతను చెప్పలేదు. మిగతావాళ్ళు ఫోన్లు చేసి నాతో చెప్పారు. ఒకాయనకి కూతురి పెళ్ళి వచ్చిపడింది, ఒకాయనకి నడుం నొప్పి. నెల తిరక్కుండానే వాళ్ళ ఇళ్ళ ముందు పెద్ద పెద్ద చెక్కపెట్టెలు దిగాయి. ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ తయారుగా కట్టి పంపే గేర్‌బాక్సులు అవి. ఆ కంపెనీవాళ్ళు అడ్రసు తప్ప ఏమీ అడగరు.

రోలిన్ మాత్రం అన్నయ్య బండి మళ్ళీ లిఫ్టు మీదికి ఎక్కించాడు. ఈసారి చిన్న గేర్‌బాక్స్. నిజమైన అంకెకి, నిజమైన బరువుకి. యాక్సిల్‌లో పాత గేర్లు. మా షాపులో అతను కట్టిన ఆఖరి గేర్‌బాక్స్ అదే.

"ఏం మార్చావ్ బావా?" అన్నాడు అన్నయ్య తాళాలు తీసుకుంటూ. బండి కిందికి వంగి మాత్రం చూడలేదు.

"కొంచెం సర్దాను."

బండి వెన్నలా పోయింది. రోలిన్ కట్టినవాటిలో అంత చక్కగా కుదిరింది ఇంకోటి లేదు.

సెప్టెంబరులో ఒక శనివారం రోలిన్‌తో పాటు నేనూ లాట్‌కి వెళ్ళాను. అన్నయ్య బానెట్ ఎత్తి నిలబడి, పక్క ఊరినుంచి వచ్చిన ఇద్దరికి బండి చూపిస్తున్నాడు. అట్ట ముందద్దానికే ఉంది.

"ఏడొందల గుర్రాల్ని పట్టి ఉంచడమంటే మాటలా?" అంటున్నాడు. "మా బావ మంచి పనిమంతుడే, కాదన్ను. కానీ ఇంత బలం ఎప్పుడూ చూళ్ళేదు కదా, మొదటిసారి తడబడ్డాడు. రెండోసారికి నేర్చుకున్నాడు. నేను పక్కనుండి చెప్పాల్సొచ్చింది."

రోలిన్ పక్కనే కాఫీ కప్పు పట్టుకుని నిలబడి వింటున్నాడు.

నేను వాళ్ళ మధ్యకి వెళ్ళాను. "నాలుగొందల ముప్పై!" అని అరిచాను. లాట్ ఆ చివర దాకా వినపడి ఉంటుంది. "వీడి బండికి ఉన్నది నాలుగొందల ముప్పై. రోలర్ల మీద నా కళ్ళతో చూశాను. మా ఆయన తడబళ్ళేదు. వీడు చెప్పిన అబద్ధానికి సరిగ్గా కట్టాడు!"

నవ్వుతారనుకున్నాను. నోళ్ళు వెళ్ళబెడతారనుకున్నాను. కనీసం ఒక్కడైనా "అవునా!" అంటాడనుకున్నాను. లైల్ కప్పులోకి చూసుకుంటున్నాడు. వెనకెవరో బానెట్ మెల్లగా దించేశారు.

క్లిఫర్డ్ లేచి నా దగ్గరికొచ్చాడు. "ఆ సంగతి ఎవరికి తెలీదు నోరీన్?" అన్నాడు నెమ్మదిగా.

"తెలుసా? మీకు తెలుసా?"

"చెవులున్నాయి కదమ్మా. బండి చప్పుడు వింటూనే ఉన్నాం ఇన్నేళ్ళుగా."

"రోలిన్ తప్పు లేదని తెలిసే మీ పనులు వెనక్కి తీసుకున్నారా?"

అతను చటుక్కున తన బండి వైపు చూసి మళ్ళీ నావైపు తిరిగాడు. దాని అట్ట మీద ఐదొందల యాభై అని ఉంది. "మీ ఆయన అడుగుతాడు కదా," అన్నాడు. "నీది ఎంత, నిజం చెప్పు అని అడుగుతాడు."

అప్పటికి అన్నయ్య తేరుకున్నాడు. పక్క ఊరివాళ్ళు అతన్నే చూస్తున్నారు. మొహం పాలిపోయింది. అయినా నవ్వడానికే చూశాడు. "దీనికి చిన్నప్పట్నుంచీ నోరెక్కువ. బావా, నువ్వే చెప్పు. కట్టినవాడివి నువ్వు. ఎన్ని గుర్రాలకి కట్టావ్?"

అందరూ రోలిన్ వైపు తిరిగారు. నేనూ తిరిగాను. నిజం తెలిసిన చేతులు అతనివి. ఆ కప్పు పట్టుకున్న చేతులే చిన్న గేర్‌బాక్స్‌ని బిగించాయి.

"ఏడొందలకే," అన్నాడు రోలిన్.

లాట్‌లో అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నారు. ఎవరో ఏదో జోకు వేశారు. లైల్ వచ్చి రోలిన్ కప్పులో కాఫీ పోశాడు. నా వైపు ఎవరూ చూడలేదు. ఇప్పుడు అక్కడ అబద్ధాలకోరును నేను.

కారులో నేను ఏడ్చాను. తిట్టాను కూడా. "షాపు పోయింది. పరువు పోయింది. ఇప్పుడు నా మాట కూడా పోయింది. ఎవడికోసం?"

రోలిన్ ఇంటి ముందు కారు ఆపి, తాళం తిప్పి, దిగకుండా కూర్చున్నాడు. "షాపు ఎలాగూ పోయింది నోరీన్," అన్నాడు. "వాడికి కూడా ఏమీ మిగలకూడదా?"

నాకు ఏం మిగిలిందని అతను అడగలేదు.

రోలిన్ ఇప్పుడు కౌంటీ సర్కారు వాళ్ళ షెడ్డులో మంచు తోసే లారీలు బాగుచేస్తున్నాడు. షాపు బల్లలు ఎవరో కొనుక్కుపోయారు. శనివారం సాయంత్రం అతను లాట్‌కి వెళ్తాడు, నేను వెళ్ళను. అన్నయ్యతో మాట్లాడను. అక్కడ రోలిన్‌కి కుర్చీ వేస్తారట. అందరికంటే ముందు కాఫీ అతనికే పోస్తారట. రోలిన్ అంత మంచివాడు ఈ చుట్టుపక్కల లేడని చెప్పుకుంటారట. ఆ లాట్‌లో పెంచి చెప్పని మాట అదొక్కటే. నాకది వినబుద్ధి కాదు.